రంపపు చేప, గుర్రపుడెక్క: అపోహలు - వాస్తవాలు

బుడమేరు వాగులో గుర్రపుడెక్క ఎన్నిసార్లు తీసినా మళ్లీ కమ్మేస్తుంది. దాన్ని రోజూ చూసే కళ్లకు సముద్రంలో చేపలూ అంతేననిపిస్తుంది. ఆ నమ్మకమే, ముట్టె రంపంలా పొడవుగా సాగి రెండంచులా పళ్లుండే రంపపు చేపను తుడిచిపెడుతోంది.

అపోహ: చేపైనా మొక్కైనా, తీసేకొద్దీ పుట్టుకొస్తుంది.

గుర్రపుడెక్క విషయంలో నిజమే. తల్లి మొక్క నుంచి నీటిమీద పాకే కాడ చివర పిల్ల మొక్క లేస్తుంది. ఎండకు తోడు మురుగునీటిలోని నత్రజని, భాస్వరం దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. రంపపు చేపల్లో పెద్దపళ్ల రకం ఈడుకు రావడానికే 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది. సుమారు 5 నెలలు మోసి, కాన్పుకు 1 నుంచి 13 పిల్లల్ని కంటుంది. బొచ్చె చేపలా లక్షల గుడ్లు పెట్టదు. ఈడొచ్చిన నాలుగు ఆడచేపలు వలలో పోతే ఆ లోటు పూడటానికి ఏళ్లు కావాలి.

అపోహ: అది సొర.

కాదు, టేకు చేపల వర్గం. తిప్పి చూస్తే మొప్పల చీలికలు పొట్టవైపు ఉంటాయి. సొరకు పక్కల ఉంటాయి.

అపోహ: వలలో పడ్డాక ఎలాగూ బతకదు, రంపం కోసి వదిలేస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఇసుకలో ఎర కదలికను పసిగట్టేదీ, కొట్టి పడగొట్టేదీ ఆ రంపమే. కోస్తే మళ్లీ రాదు, అంచు పళ్లు ఊడినా మొలవవు. రంపం పోయిన చేప చాలావరకు ఆకలితో చస్తుంది. నిజాంపట్నం, సూర్యలంక వైపు వేటకు వెళ్లేవాళ్లు చేయాల్సింది ఇది: చేపను పడవలోకి లాగకుండా మొప్పలు నీళ్లలోనే ఉంచండి. రంపం పక్కలకు విసురుతుంది, దాని దరిదాపుల్లో చేతులు పెట్టొద్దు. రంపం పొడవునా వల కళ్లను ఒక్కొక్కటిగా కోసి విడిపించండి. వల పాడైతే అల్లుకోవచ్చు. 2001 నుంచి ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టినా, అమ్మినా, కొన్నా నేరమే.

అపోహ: గుర్రపుడెక్క నీటిని శుభ్రం చేస్తుంది, ఉండనివ్వాలి.

వేళ్లతో భారలోహాలను పీల్చుకునే మాట వాస్తవమే. తీయకుండా వదిలేస్తే మాత్రం కుళ్లి అవన్నీ తిరిగి నీళ్లలోకే చేరతాయి. పైన కప్పేసినచోట వెలుతురు, గాలి అందక ప్రాణవాయువు తగ్గి చేపలు తేలతాయి.

అపోహ: పొక్లెయిన్‌తో ఒకసారి తీసేస్తే పీడ వదిలినట్టే.

పువ్వు వాడగానే కాడ వంగి నీళ్లలో మునుగుతుంది. కాయ అక్కడే పండి, గింజలు బురదలో దిగుతాయి. 15 ఏళ్లు దాటాక కూడా మొలవగలవు. అందుకే పూతకు ముందే తీయాలి. కాలువ గట్టున కుప్ప పోస్తే మొదటి వానకే మళ్లీ కాలువలో ఉంటుంది. మొక్క బరువులో 90 శాతానికి పైగా నీరే కాబట్టి గట్టుకు దూరంగా ఎండబెట్టాకే లారీకెత్తడం నయం, కిరాయీ కలిసొస్తుంది. ఆకుల మీద చిన్న చిన్న గీరుడు మచ్చలుంటే అక్కడ గుర్రపుడెక్కను తినే ముక్కు పురుగు పనిచేస్తోందని అర్థం. దీన్ని 1980లలో విదేశాల నుంచి తెచ్చి బెంగళూరులో వదిలారు. ఫలితం చూపడానికి దీనికి ఏళ్లు పడుతుంది. అలాంటిచోట మొత్తం ఊడ్చేయకుండా, పురుగు నిలవడానికి ఒక మూల కొంత మొక్కను వదిలిపెట్టాలి.