కిడ్నీ జబ్బుకి పప్పు, గుడ్డు మానాలా? అపోహలు - వాస్తవాలు

ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులకి ఏం తినాలో చెప్పడం నా పని. కవిటి వాళ్ళయినా మందస వాళ్ళయినా ఇంకా కూర్చోకముందే అంటారు: "పప్పు మానిపించేసినాం మేడమ్, గుడ్డు కూడా." నేను మెచ్చుకుంటానని చూస్తారు, పాపం.

అపోహ: కిడ్నీ జబ్బుంటే ప్రొటీన్ ముట్టకూడదు.

వాస్తవం: డయాలసిస్‌కి ముందు ఒక లెక్క, తర్వాత ఇంకో లెక్క. ముందు తగ్గించమంటాం, నిజమే. కిలో బరువుకి 0.6 నుంచి 0.8 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి రోజుకి 30-40 గ్రాములు. తగ్గించమన్నాం గానీ మానేయమన్నది ఎవరు? డయాలసిస్ మొదలయ్యాక అదే మనిషికి 50-60 గ్రాములు కావాలి. డయాలసిస్ చేసిన ప్రతిసారీ యూరియాతో పాటు కొన్ని గ్రాముల ఎమైనో ఆమ్లాలూ (ప్రొటీన్‌లోని ముక్కలు) బయటికి పోతాయి. అవి తిండిలో రాకపోతే కండ కరుగుతుంది. కండ కరిగినా క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తపరీక్షలో చూసేది) తగ్గుతుంది, ఇంట్లో వాళ్ళేమో జబ్బు నయమవుతోందని సంబరపడతారు!

సోంపేట వైపు నుంచి ఒక పెద్దాయన్ని కోడలు తీసుకొచ్చింది. డయాలసిస్ మొదలైన నాటి నుంచీ గంజి, చారుమెతుకులే. రక్తంలో ఉండే ప్రొటీన్, ఆల్బుమిన్, 3 కంటే కిందికి పడిపోయింది, కాళ్ళు వాచాయి. సంగతి చెప్తే ఆ పిల్ల బావురుమంది: "నా చేత్తో నేనే ఎండగట్టేసినానేటి మేడమ్?" ఆమె తప్పేముంది? ఫోన్‌లో వీడియో పెట్టినవాడికి ఈయన రిపోర్టు తెలుసా, బరువు తెలుసా? తెల్లసొనతో మొదలుపెట్టాం. ఒక గుడ్డు తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రొటీన్, కిడ్నీ పాడైతే ఒంట్లో పేరుకుపోయే ఫాస్ఫరస్ బహు తక్కువ. తర్వాత చేపముక్క కలిపాం. ఆల్బుమిన్ మెల్లగా పైకొచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తా. పప్పు తినడం వల్లే ఉద్దానంలో కిడ్నీలు పోతున్నాయన్నది ఉత్త పుకారు. అసలు కారణం ఇంకా తేలలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే చెబుతోంది. కొబ్బరినీళ్ళు చలవే గానీ నిండా పొటాషియం. డయాలసిస్ రోగికి అది ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పుతుంది, ఇంటి చెట్టువైనా సరే వద్దు. జీడిపప్పుకీ ఫాస్ఫరస్ తంటా ఉంది. ప్రొటీన్ పౌడర్ డబ్బాలు డాక్టరు రాస్తేనే. ఎండుచేపల్లో ప్రొటీన్ బాగానే ఉంటుంది, కానీ ఆ ఉప్పుకి దాహమేసి చెంబుడు నీళ్ళు తాగుతారు, మూత్రం రానివాళ్ళకి ఆ నీరంతా ఒంట్లోనే ఉండిపోతుంది.