లీహర్మానియా: కుటుంబం మారిన ట్రయాసిక్ పెంకుపురుగు

రోవ్ బీటిళ్లు అనే పెంకుపురుగుల కుటుంబమైన స్టాఫిలినిడే ఎంత పాతది అన్న వాదన తలెత్తినప్పుడల్లా లీహర్మానియా ప్రోరోవా పేరు ముందుకు వస్తుంది. అమెరికాలో వర్జీనియా, నార్త్ కరోలినా సరిహద్దున ఉన్న సోలైట్ క్వారీలో దొరికిన ఈ శిలాజాన్ని ఆ కుటుంబంలో చేరిస్తే దాని చరిత్ర ట్రయాసిక్ యుగంలోకి, సుమారు 22.5 కోట్ల ఏళ్ల వెనక్కి పోతుంది. చేర్చకపోతే చైనాలోని దావోహుగౌలో సుమారు 16.5 కోట్ల ఏళ్ల నాటి జురాసిక్ పొరల దగ్గర మనకు గట్టి ఆధారం మొదలవుతుంది.

ఇప్పటి వివాదానికి మూలం 2020లో సిస్టమాటిక్ ఎంటమాలజీలో మార్టిన్ ఫికాచెక్ బృందం ప్రచురించిన పత్రం. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2012లో, చాట్జిమానోలిస్, గ్రిమాల్డి, ఎంగెల్, ఫ్రేజర్ ఈ పురుగుకు పేరు పెట్టి, అత్యంత ప్రాచీనమైన స్టాఫిలినిఫార్మ్ (రోవ్ బీటిళ్లు, వాటి దగ్గరి బంధువులు ఉన్న సమూహపు) పెంకుపురుగుగా వర్ణించారు. నల్లటి షేల్ రాతిపై వెండిపూతలా మిగిలిన కొద్ది మిల్లీమీటర్ల దేహంలో పై పెంకులు పొట్టిగా ఉండి, ఉదరం చాలావరకు బయటికి కనబడుతుంది; రోవ్ బీటిల్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేదీ ఆ ఆకారమే.

అయితే పొట్టి పెంకులు ఆ ఒక్క కుటుంబానికే సొంతం కావు. ఫికాచెక్ బృందం ఒక లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పకుండా, శిలాజంలో కనిపించే లక్షణాలన్నిటినీ నేటి పెంకుపురుగుల లక్షణాలతో కలిపి వంశవృక్ష విశ్లేషణకు పెట్టింది. అలా చూసినప్పుడు లీహర్మానియా రోవ్ బీటిళ్ల దగ్గర కాక, పెంకుపురుగుల్లోనే వేరే శాఖ అయిన మిక్సోఫాగా ఉపక్రమంలోని హైడ్రోస్కాఫిడే కుటుంబం పక్కన చేరింది. నీటి అంచున నాచు తిని బతికే ఈ చిన్న పురుగుల ఉదరం కూడా పెంకుల కింద నుంచి బయటికే ఉంటుంది. ఈ పత్రం రాసినవారిలో రోవ్ బీటిళ్లపైనే ఏళ్ల తరబడి పనిచేసిన ఆల్ఫ్రెడ్ న్యూటన్, మార్గరెట్ థేయర్ ఉన్నారు. తాము అధ్యయనం చేసే కుటుంబం నుంచే దాని అత్యంత పాత సభ్యుణ్ణి వారు తప్పించారన్నది తేలిగ్గా తీసుకోదగ్గ విషయం కాదు.

2021లో పోలండ్‌లోని క్రాషెయూవ్ వద్ద దొరికిన ట్రయాసిక్ శిలామలంలో (రాయిగా మారిన జంతు విసర్జనలో), సింక్రోట్రాన్ అనే యంత్రం ఇచ్చే శక్తిమంతమైన ఎక్స్-కిరణాల సాయంతో, ట్రయామిక్సా అనే మరో మిక్సోఫాగా పురుగు బయటపడింది. దాంతో ట్రయాసిక్‌లో ఆ ఉపక్రమం ఉందా అన్న అభ్యంతరం బలం కోల్పోయింది.

అయినా గొడవ చల్లారకపోవడానికి కారణం కాలగణన. జన్యుక్రమాలతో పెంకుపురుగుల వంశవృక్షాన్ని కట్టేవారు శిలాజం వయసును ఒక శాఖకు కనీస వయసుగా తీసుకుంటారు. 2020కి ముందు లీహర్మానియాను రోవ్ బీటిళ్ల శాఖకు ఆనవాలుగా వాడిన లెక్కల్లో ఆ శాఖ వయసే కాక, దానితో ముడిపడిన పొరుగు శాఖల వయసులు కూడా వెనక్కి జరిగాయి. ఆ తేదీలను ఇంకా ఉటంకిస్తున్నవారు ముందుగా ఈ ఒక్క ఆనవాలును తీసేసి లెక్క మళ్లీ కట్టాల్సి ఉంటుంది.