స్టాంపు కాగితంతో విడాకులు రావు: కుటుంబ న్యాయస్థానంలో రోజూ వినే అపోహలు

కిందటి నెల ఒకాయన వచ్చి, కవరులోంచి వంద రూపాయల స్టాంపు కాగితం తీసి వకీలునైన నా బల్ల మీద పెట్టారు. భార్యాభర్తల సంతకాలు, నలుగురు పెద్దమనుషుల సంతకాలు, కింద నోటరీ ముద్ర. "మా విడాకులు ఐదేళ్ల కిందటే అయిపోయాయండీ. రెండో పెళ్లికి ఇబ్బంది లేదని ఒక్క ముక్క రాసివ్వండి" అన్నారు. రాసివ్వలేకపోయాను.

అపోహ: పెద్దల సమక్షంలో కాగితం రాసుకుంటే విడాకులు అయినట్టే.

హిందూ వివాహ చట్టం (1955) కింద పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు పత్రం. ఆచారం ప్రకారం జరిగే విడాకులను సెక్షన్ 29(2) కాపాడుతుందన్నది నిజమే. కానీ తమ కులంలో అలాంటి ఆచారం ఎప్పటి నుంచో ఉందని నిరూపించే బరువు ఆ మాట అన్నవాళ్లదే. కాగితం మీద సంతకం పెట్టిన పెద్దమనుషులు బోనెక్కడానికి అంత ఉత్సాహం చూపరు. 'పదేళ్లుగా విడిగా ఉంటున్నాం, పెళ్లి దానంతటదే పోయి ఉంటుంది' అనేది ఈ అపోహకు తమ్ముడు. పోదు.

అపోహ: పరస్పర అంగీకారమంటే ఆరు నెలలు ఆగి సంతకం పెట్టడమే.

1976లో చట్టంలో చేరిన సెక్షన్ 13బి ఇది. ఇద్దరూ ఒప్పుకుంటే ఇంతకన్నా మంచి దారి లేదు. పిటిషన్ వేసేనాటికి కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. విడిగా అంటే వేర్వేరు ఇళ్లే కానక్కరలేదు. ఒకే కప్పు కింద ఉంటూ భార్యాభర్తలుగా బతకకపోయినా అది విడిగా ఉండటమే. తరువాత ఆరు నెలలకు ముందు కాకుండా, పద్దెనిమిది నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ కోర్టు ముందుకు రావాలి. ఆ ఆరు నెలల గడువును కూడా తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అడిగిన ప్రతివారికీ ఇవ్వరు. విడిపోయి ఎంతకాలమైందో, రాజీ ప్రయత్నాలు నిజంగా విఫలమయ్యాయో లేదో, మనోవర్తి, పిల్లల సంగతి తేలాయో లేదో చూస్తారు.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మొదటి పిటిషన్‌కు ముందే అన్నీ కాగితం మీదికి రావాలంటాను: మనోవర్తి ఎంత, ఏ వాయిదాకు ఎంత, పెళ్లినాటి బంగారం ఎవరి దగ్గర ఉంది, పిల్లలు సెలవుల్లో ఎక్కడ ఉంటారు, పెండింగు కేసులు ఎవరు ఎప్పుడు ఉపసంహరించుకుంటారు. చిన్నదని దేన్నీ వదలకూడదు. నా దగ్గరికి వచ్చిన ఒక జంట ఇరవై లక్షల దగ్గర పేచీ పెట్టలేదు, సారెలో వచ్చిన ఇత్తడి గంగాళం దగ్గర ఆగిపోయారు. రెండు వాయిదాలు గంగాళానికే పోయాయి.

అపోహ: ముందు ఒక గట్టి కేసు పెడితే ఎదుటివాళ్లు దారికి వస్తారు.

ఈ సలహా ఎక్కువగా బంధువుల నుంచి వస్తుంది. కొన్నిసార్లు మా వృత్తివాళ్ల నుంచి కూడా, ఒప్పుకోవాలి. ఇంట్లో నిజంగా హింస ఉంటే క్షణం ఆలోచించవద్దు, 2005 నాటి గృహహింస చట్టం ఉన్నది అందుకే. బేరానికి పెట్టే కేసు సంగతి వేరు. తప్పుడు ఫిర్యాదులు, పరువు తీసే ఆరోపణలు మానసిక క్రూరత్వం కిందికి వస్తాయని, మన హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఎదుటివారికి విడాకులు ఇప్పించే ఆధారాన్ని మీరే వారి చేతికి అందించినట్టవుతుంది.

అపోహ: ఇక కలిసి బతకలేమని చెబితే చాలు.

ఎదుటివారు ఒప్పుకోనప్పుడు చాలదు. క్రూరత్వమో, కనీసం రెండేళ్లుగా వదిలివేయడమో, చట్టంలో ఉన్న మరో కారణమో సాక్ష్యంతో చూపాలి. కోలుకోలేనంతగా విరిగిన పెళ్లిని రద్దు చేయవచ్చని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కదా అంటారు. అది రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు మాత్రమే ఉన్న అధికారం. కింది కోర్టులో ఆ తీర్పు చూపించి డిక్రీ అడగలేం.

అపోహ: అమెరికాలో తీసుకుంటే త్వరగా అయిపోతుంది.

అవుతుంది, అక్కడ. 1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒకాయన మిస్సోరీలో డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నారు. మొదటి భార్య క్రిమినల్ కేసు పెట్టారు. ఆ మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టంలోని కారణంపై తీర్పు రావాలి, లేదా ఎదుటివారు ఆ విడాకులకు ఇష్టపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. ఇద్దరూ ఒప్పుకున్నవారైతే ఇక్కడే 13బి వేసుకోవడం మేలు. రాలేనివారిని వీడియో ద్వారా విచారించవచ్చని 2017 తీర్పులోనే ఉంది.

డిక్రీ వచ్చిన మర్నాడే పెళ్లి అనేదీ అపోహే. ఒకరు వ్యతిరేకించిన కేసైతే అప్పీలు గడువు తీరేదాకా ఆగాలి.

స్టాంపు కాగితం తెచ్చిన ఆయనకు ఇదంతా చెప్పి, ఆ కాగితం మీది తేదీ చూపించాను. అది విడాకుల పత్రం కాదు గానీ, ఐదేళ్లుగా విడిగా ఉన్నారనడానికి పనికొస్తుంది. ఆవిడ ఒప్పుకుంటే ఆరు నెలల గడువు నుంచి మినహాయింపూ అడగవచ్చు అన్నాను. "ఆవిడ నంబరు ఉందో లేదో" అంటూ ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లారు.