పప్పు తింటే చీము పడుతుందా? రొమ్ములో ఇంప్లాంట్ పెట్టాక ఇన్ఫెక్షన్‌పై అపోహలు - వాస్తవాలు

క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన చోట సిలికాన్ ఇంప్లాంట్‌తో మళ్లీ ఆకారం తెచ్చే ఆపరేషన్లు చేస్తుంటాను. డిశ్చార్జి రోజు పేషెంటు కంటే వెంట వచ్చిన అత్తగార్లు, పిన్నులే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు. ఎప్పుడూ వినేవి ఇవి.

అపోహ: పప్పు, గుడ్డు, పెరుగు తింటే కుట్లు చీము పడతాయి.

వాస్తవం: చీము పట్టించేది బ్యాక్టీరియా. అందులోనూ ఎక్కువగా మన చర్మం మీదే కాపురం ఉండే స్టాఫిలోకాకస్ రకాలు. కందిపప్పుకు ఆ పాపం అంటగట్టకండి. గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి. నెల రోజులు బీరకాయ కూర, చారన్నంతో సరిపెడితే మానాల్సిన కుట్లు కూడా మానవు. తర్వాత కీమో ఉంటే మరీ కష్టం. అన్నీ తినమనే చెబుతాను.

నిజంగా పథ్యం పట్టాల్సినవి రెండు: షుగర్, పొగ. షుగర్ అదుపులో లేకపోయినా, పొగ మానకపోయినా ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. పొగ వల్ల చర్మానికి రక్తం సరిగా అందదు, కుట్ల అంచులు నల్లబడతాయి, సూక్ష్మజీవులకు దారి అక్కడే దొరుకుతుంది. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందే మానాలి. శ్రీకాకుళం వైపు పెద్దావిడల్ని ‘సిగరెట్ తాగుతారా’ అంటే లేదంటారు, నిజమే. అడ్డపొగ (చుట్టను కాలే కొస నోట్లో ఉంచి పీల్చడం) సంగతి విడిగా అడగాలి.

అపోహ: యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడితే అంత రక్షణ.

వాస్తవం: అన్నిటికంటే విలువైన డోసు కోత పెట్టడానికి ముందు గంటలోపు ఇచ్చేది. తర్వాత ఎన్నాళ్లు వాడాలన్న దానిపై సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ రోజులు సాగదీయడం నాకు ఇష్టం ఉండదు. ఇంప్లాంట్‌లో రక్తనాళాలు ఉండవు. బ్యాక్టీరియా దాని మీద జిగురు పొర కట్టుకుని కూర్చుంటే మందు లోపలికి సరిగా వెళ్లదు. మెడికల్ షాపులో అడిగి ఇంకో స్ట్రిప్పు కొనుక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అపోహ: డ్రెయిన్ గొట్టం ఎంత త్వరగా తీయించుకుంటే అంత మంచిది.

వాస్తవం: ఆపరేషన్ చోట లోపల ఊరే ద్రవాన్ని బయటికి తెచ్చే గొట్టం ఇది. తొందరపడితే లోపల నీరు చేరుతుంది. మరీ ఆలస్యమైతే గొట్టమే సూక్ష్మజీవులకు దారి అవుతుంది. సాధారణంగా 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు, అదీ వరుసగా రెండు రోజులు వస్తే తీస్తాం. అందుకే రోజూ కొలిచి పుస్తకంలో రాయమంటాం. గొట్టం దగ్గర కుళాయి నీళ్లు, పసుపు తగలనివ్వకండి. కుళాయి నీళ్లలో బతికే ఒక జాతి మైకోబ్యాక్టీరియా వారాల తర్వాత బయటపడుతుంది, మామూలు మందులకు లొంగదు.

అపోహ: నొప్పి, జ్వరం లేకపోతే టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: ఆపరేషన్ తర్వాత అక్కడి చర్మానికి స్పర్శ తగ్గిపోతుంది, నొప్పి తెలియకపోవచ్చు. వేడి నీళ్ల కాపడం అందుకే వద్దంటాం: కాలినా తెలియదు. చామనఛాయ ఒంటి మీద ఎరుపు కూడా వెంటనే కనిపించదు. రోజూ అద్దంలో చూసుకోండి. చేతి వెనుక వైపుతో రెండు పక్కలా తాకి వేడి పోల్చుకోండి. వాపు పెరిగినా, డ్రెయిన్ ద్రవం చిక్కబడినా లెక్కే.

మొదట్లోనే వస్తే సెలైన్‌లో మందులిచ్చి, లోపల కడిగి, కొన్నిసార్లు ఇంప్లాంట్‌ను కాపాడగలుగుతాం. ఆలస్యమైతే దాన్ని తీసేయాలి, కీమో కూడా వెనక్కి పోవచ్చు. శనివారం రాత్రి వేడి తగిలితే సోమవారం ఓపీ దాకా ఆగకండి.