ఆ మాస్కు పేరు ఫ్రాంకెన్‌స్టీన్ కాదు: బరంపురంలో ఒక పాత తగాదా

ఒడిశాలోని మా బరంపురంలో రెండేళ్లకోసారి బుడి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే రోజుల్లో ఊరంతా వేషాలే. మొక్కుకున్నవాళ్లు పులి వేషమో దేవుడి వేషమో కట్టి వీధుల్లో తిరుగుతుంటారు. పిల్లల కోసం ప్లాస్టిక్ మాస్కుల బండ్లు కూడా వస్తాయి. పోయిన యాత్రలో అలాంటి బండి దగ్గరే మా మేనల్లుడికీ, మా మావయ్యకీ గొడవ మొదలైంది. ఆకుపచ్చ ముఖం, బల్లపరుపు నెత్తి, మెడకు అటొకటి ఇటొకటి బోల్టులు. బండివాడు "ఫ్రాంకిస్టిన్, ఫ్రాంకిస్టిన్" అని అరుస్తున్నాడు.

మావాడు ఊరుకోలేకపోయాడు. "అది దీని పేరు కాదు తాతయ్యా, దీన్ని తయారుచేసినవాడి పేరు. పాపం దీనికసలు పేరే లేదు." ఇంటికొచ్చేదాకా ఆ భూతం తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. మావయ్య అంతా విని, "ఈ కాలం పిల్లలకి విలన్లంటేనే ముద్దురా" అని తేల్చేశాడు.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అభిమానులు కలిస్తే సగం తగాదాలు ఇవే. ఫలానా పాత్రకు అన్యాయం జరిగిందని ఒకరు, ఫలానా సినిమాను అర్థం చేసుకోకుండా తిట్టారని ఇంకొకరు. 1982లో విడుదలైనప్పుడు పెద్దగా ఆడని 'బ్లేడ్ రన్నర్'కి ఇప్పుడున్న గౌరవం ఇలాంటి వాదనల్లోంచి వచ్చిందే. మావయ్య అనుకున్నట్టు ఇది ఈ కాలం పిల్లలకి ఫోన్లతో వచ్చిన జబ్బయితే బాగుండేది, మావాడి ఫోన్ లాక్కుంటే సరిపోయేది. కానీ మాస్కు సంగతే తీసుకుంటే తగాదా రెండు వందల ఏళ్ల నాటిది.

1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. దాని దెబ్బకి మరుసటి ఏడాది యూరప్‌లో వేసవే సరిగ్గా రాలేదు. జెనీవా సరస్సు ఒడ్డున వానకి ఇంట్లో ఇరుక్కుపోయిన కొందరు మిత్రులు తలా ఒక దెయ్యం కథ రాద్దామనుకున్నారు. వాళ్లలో 18 ఏళ్ల మేరీ (తర్వాత మేరీ షెల్లీ) మొదలుపెట్టిన కథే 'ఫ్రాంకెన్‌స్టీన్' నవల. విడి శరీర భాగాలతో ఒక మనిషిని తయారుచేసి, ప్రాణం పోసి, తీరా చూసి భయపడి వదిలేసిన ఫ్రాంకెన్‌స్టీన్ అనేవాడి కథ. 1818 జనవరిలో అచ్చయింది, 500 ప్రతులు. రచయిత్రి పేరు వెయ్యలేదు.

ఆ నవల్లో భూతానికి బోల్టులు లేవు. ఎనిమిది అడుగుల మనిషి, పసుపు చర్మం, నిగనిగలాడే నల్లటి జుట్టు. అన్నిటికన్నా ముఖ్యం, అతను మాట్లాడతాడు, అదీ లాయరు మాట్లాడినట్టు. ఒక కుటుంబం ఇంటిని ఆనుకుని ఉన్న పాకలో దాక్కుని, సందులోంచి వాళ్లని చూస్తూ, మాటలు వింటూ భాష నేర్చుకుంటాడు. దొరికిన పుస్తకాల్లో మిల్టన్ కావ్యం కూడా ఉంటే అదీ చదువుతాడు. ఒకరోజు ధైర్యం చేసి లోపలికెళ్తే, కళ్లు కనిపించని ఆ ఇంటి పెద్దాయన మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఇంతలో కొడుకొచ్చి, రూపం చూసి, కర్ర తీసుకుని చావబాదుతాడు.

ఆ నోరు నాటకంలోనే పోయింది. 1823లో లండన్‌లో నవలని నాటకంగా ఆడినప్పుడు భూతాన్ని మూగవాణ్ని చేశారు. పాత్రల జాబితాలో అతని పేరు ఉండాల్సిన చోట ఉత్త గీతలు. మేరీ షెల్లీ కూడా వెళ్లి చూసి, ఆ గీతల ఆలోచన బాగుందనే రాసుకుంది. 1931 సినిమాలో అదే చోట ప్రశ్నార్థకం గుర్తు వేశారు. బల్లపరుపు నెత్తి, బోల్టులు ఆ మేకప్‌లోంచి వచ్చినవే. ఆకుపచ్చ రంగంటారా, సినిమా నలుపు తెలుపు! మూగగా ఉంటూనే, భూతం వేషం వేసిన బోరిస్ కార్లాఫ్ ఆ కళ్లలో ఎంత దిగులు చూపించాడో ఒప్పుకోవాలి. కానీ అసలు వాదన అతని నోట్లోనే ఆగిపోయింది. పేరు లేనివాడికి టైటిల్‌లో కనిపించిన పేరే అంటుకుంది.

అపార్థం రెండోవైపు కూడా జరుగుతుంది. 1965లో వచ్చిన 'డ్యూన్' నవల్లో కథానాయకుడు పాల్‌ని చాలామంది పాఠకులు లోకరక్షకుడిగా కొలిచారు. అలాంటి నాయకుల్ని నమ్మితే ఏమవుతుందో చెప్పడం రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ ఉద్దేశం. 1969లో వచ్చిన రెండో భాగంలో పాల్ పేరు మీద జరిగిన యుద్ధాల్లో ఎన్ని వేల కోట్లమంది చచ్చిపోయారో లెక్క చెప్పించాడు.

ఇప్పుడు మావయ్య సంగతి. విలన్ల మీద మోజు పిల్లలదే అన్న ఈ మనిషి, చిన్నప్పుడు ప్రహ్లాద నాటకం ఎక్కడ ఆడినా తెల్లవార్లూ కూర్చుని చూసినవాడు. మా గంజాం జిల్లా పల్లెల్లో ఆ నాటకం ఇప్పటికీ బతికి ఉంది. పేరుకి ప్రహ్లాదుడిది. ఆట మాత్రం హిరణ్యకశిపుడిది. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తు గద్దె మీద రాజా పాత్రధారి కూర్చుంటాడు. గాహకుడు, అంటే కథని పాటలతో నడిపే గాయకుడు, పాట ఎత్తుకోగానే కిరీటంతో, బరువైన దుస్తులతో ఆ మెట్ల మీదే దిగుతూ ఎక్కుతూ ఆడతాడు. జనం వచ్చేది ఆ రాజాని చూడ్డానికి. చివర్లో వచ్చే నరసింహస్వామి మాస్కుని దేవుడిలాగే పూజిస్తారు, అది వేరే సంగతి. అప్పటిదాకా రాత్రంతా రాక్షసుడి మాటే చెల్లుతుంది.

ఈ నాటకం జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద 19వ శతాబ్దంలో వచ్చింది. పాటలు ఒడియాలో, సంస్కృతంలో ఉంటాయి. సంగీతంలో మాత్రం కర్ణాటక బాణీ గట్టిగా వినిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు గీసిన గీతతో జలంత్రకోట ఆంధ్ర వైపు, ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో ఉండిపోయింది. నాటకం ఆడే ఊళ్లు ఎక్కువగా ఈ వైపు, ఒడిశాలో ఉన్నాయి.

అసలు విలన్‌కి వెనక కథ కట్టడం మనకి భాగవతం నాటిదే. హిరణ్యకశిపుడు ఒకప్పుడు వైకుంఠం వాకిట్లో కాపలాదారు. సనకసనందనాదుల్ని లోపలికి పోనివ్వక శాపం తెచ్చుకున్నాడు. భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడు జన్మలా అంటే, తొందరగా తిరిగొచ్చేయొచ్చని మూడే కోరుకున్నాడని మా ఇళ్లలో చెప్పేవారు. తెలుగులో ఇది అక్కడితో ఆగలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో, రాముడి చేతిలో చచ్చిన శంబుకుడి తరఫున 'శంబుకవధ' నాటకం రాశారు. 1961లో 'సీతారామ కళ్యాణం'లో రావణుడిగా, 1977లో 'దాన వీర శూర కర్ణ'లో దుర్యోధనుడిగా ఎన్టీఆర్ జనం చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. మావయ్య ఆ రెండో సినిమా ఎన్నిసార్లు చూశాడో లెక్కే లేదు.

ఇదంతా చెప్పి, "మరి నువ్వు చేసిందేమిటి మావయ్యా" అన్నాను. కాసేపు నవ్వి, మావాడి వైపు తిరిగి, "కథ మొత్తం చెప్పరా" అన్నాడు. వాడు చెబుతూ ఒకచోట తడబడ్డాడు. భూతం మొదట చంపింది ఒక పసివాణ్ని. ఆ పిల్లాడి మెడలోని పతకాన్ని, నిద్రపోతున్న జస్టిన్ అనే పనమ్మాయి బట్టల్లో పెట్టి పోయాడు. చెయ్యని హత్యకి ఆమెని ఉరితీశారు.

"ఆ పిల్లకి వకాల్తా ఎవరు పుచ్చుకున్నార్రా?" అన్నాడు మావయ్య.

కోర్టులో ఫ్రాంకెన్‌స్టీన్ పెళ్లాడబోయే ఎలిజబెత్ లేచి ఆమె మంచిదని చెప్పిందనీ, నిజం తెలిసిన ఫ్రాంకెన్‌స్టీన్ నోరు విప్పలేదనీ మావాడు ఫోన్‌లో ఆ అధ్యాయం వెతికి చదివి చెప్పాడు. చదువుతున్నంతసేపూ మాస్కు వాడి ఒళ్లోనే ఉంది.