ఒక కథాభాగం, నలభై నిమిషాలు: అమెరికా హైస్కూలు ఇంగ్లిష్ ప్రశ్న వెనుక చరిత్ర

అమెరికా హైస్కూలు విద్యార్థులు రాసే, కళాశాల స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ సాహిత్య పరీక్షలో ఒక ప్రశ్న కథాగద్య విశ్లేషణకు కేటాయించినది. నవల నుంచో కథ నుంచో 500 నుంచి 700 పదాల భాగాన్ని ఇచ్చి, రచయిత అందులో ఒక పాత్రనో సంబంధాన్నో ఏయే మెళకువలతో రూపుకట్టించారో సుమారు 40 నిమిషాల్లో వ్యాసంగా రాయమంటారు. నాన్‌డీటెయిల్డ్ పాఠాల సారాంశాలు, పాత్రల స్వభావ చిత్రణలు రాసి పైచదువులకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు, కథంతా చక్కగా అర్థమైన పిల్లకు మార్కులు ఎందుకు తగ్గాయో ఒక పట్టాన బోధపడదు. ఆ కారణం తెలియాలంటే దాదాపు నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

హార్వర్డ్ కళాశాల 1874 ప్రవేశ పరీక్షకు, ముందుగా ప్రకటించిన ప్రామాణిక గ్రంథాల మీద ఇంగ్లిష్ వ్యాసం రాయాలని నిబంధన పెట్టింది. ఇతర కళాశాలలూ అదే బాట పట్టడంతో హైస్కూలు పాఠ్యక్రమం ఆ జాబితాలకు కట్టుబడిపోయింది. కళాశాలల ఈ పెత్తనం మీద ఉపాధ్యాయులకు కలిగిన అసంతృప్తి నుంచే 1911లో ఇంగ్లిష్ ఉపాధ్యాయుల జాతీయ మండలి పుట్టింది. రచయిత జీవితం, కథాసంగ్రహం, అధోజ్ఞాపికల్లోని వివరణలు అప్పగించడమే చాలాచోట్ల సాహిత్య పఠనంగా చెలామణి అయింది.

దీనికి విరుగుడు విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు తీసేసి కవితలను విద్యార్థులకు ఇచ్చి, వారు రాసిన వ్యాఖ్యలను పరిశీలించి, బాగా చదువుకున్నవారు సైతం ఎంత తప్పుగా చదువుతారో 1929లో ప్రచురించిన పుస్తకంలో చూపించారు. అమెరికాలో క్లీంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ ఇద్దరూ 1938లో కవిత్వానికీ, 1943లో ‘అండర్‌స్టాండింగ్ ఫిక్షన్’ పేరుతో కథకూ పాఠ్యగ్రంథాలు కూర్చారు. కథ చెబుతున్నది ఎవరు, ఈ సంఘటన ఇక్కడే ఎందుకు వచ్చింది, ఈ వాక్యం ఇంత క్లుప్తంగా ఎందుకు ముగిసింది అని కథనే అడిగే పద్ధతి తరగతి గదుల్లోకి అలా ప్రవేశించింది. మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వ సాయం కల్పించిన 1944 నాటి చట్టం పుణ్యమా అని యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు లక్షలాదిగా కళాశాలల్లో చేరినప్పుడు, ఇంట్లో గ్రంథాలయం లేనివారు కూడా ఎదుట ఉన్న పుటను ఆధారం చేసుకుని సాటివారితో సమానంగా వాదించగలిగారు. ఈ పద్ధతి చేసిన గొప్ప మేలు ఇదేనని నా నమ్మకం.

ఈ పరీక్షలు జరిపే సంస్థ కాలేజీ బోర్డు 1956లో తొలిసారి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు నిర్వహించేనాటికి, ఈ దృష్టితో శిక్షణ పొందిన అధ్యాపకులే సాహిత్య విభాగాల్లో ముందున్నారు. పఠనంలో పాఠకుడి అనుభవానికీ సమాన పాత్ర ఉందని అమెరికన్ సాహిత్య అధ్యాపకురాలు లూయీస్ రోజెన్‌బ్లాట్ 1938లోనే వాదించారు. 1966లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో సమావేశమైన బ్రిటిష్, అమెరికన్ విద్యావేత్తలు విద్యార్థి ఎదుగుదలే కేంద్రం కావాలన్నారు. తరగతి చర్చల మీద వీటి ప్రభావం పడినా, వేల జవాబులను ఒకే కొలతతో దిద్దవలసిన పరీక్ష మాత్రం మూలపాఠాన్నే అంటిపెట్టుకుంది. చెప్పే ప్రతిదానికీ పాఠంలోనే ఆధారం చూపాలన్న 2010 నాటి కామన్ కోర్ ప్రమాణాలు (చాలా రాష్ట్రాలు స్వీకరించిన ఉమ్మడి పాఠశాల ప్రమాణాలు) ఆ ధోరణిని కింది తరగతులకూ విస్తరింపజేశాయి.

అప్పగింతల నుంచి కథను విడిపించడానికి వచ్చిన పద్ధతి, శిక్షణ తరగతుల చేతిలో పడి మరో రకం అప్పగింతగా మారడం బాధాకరం. ఉపమ, ప్రతీక, వ్యంగ్యం అంటూ పట్టీ వల్లించి, పాఠంలో అవి ఎక్కడున్నాయో గుర్తిస్తే విశ్లేషణ అయిపోయిందని పిల్లలు అనుకుంటున్నారు. ఈ లోపాన్ని ప్రశ్నకు అంటగట్టడం న్యాయం కాదు. 2019-20 నుంచి అమల్లో ఉన్న ఆరు మార్కుల కొలమానంలో ఒకటి వ్యాసం నిరూపించదలచిన ప్రధాన ప్రతిపాదనకు, ఒకటి ఆలోచనలోని సూక్ష్మతకు పోగా, మిగిలిన నాలుగూ ఆధారాలకూ, ఆ ఆధారం ఆ అర్థాన్ని ఎలా ఇస్తున్నదో విద్యార్థి తన మాటల్లో చెప్పే వివరణకూ కేటాయించినవే.