ఫ్లోరైడ్, యురేనియం ఒకే రాయి నుంచి: నల్లగొండ, పాలమూరు గ్రానైట్ వెనక 250 కోట్ల ఏళ్ళ చరిత్ర

2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అంతకు చాలా ముందే నాగార్జునసాగర్ పక్కనున్న లంబాపూర్, పెద్దగట్టు ఊళ్ళలో ఇదే పోరాటం నడిచింది. నల్లగొండ ఫ్లోరోసిస్ ఇంకా పాతది, 1940లలోనే నమోదైంది. ఈ రెంటినీ మనం వేరువేరు సమస్యలుగా చూస్తూ వచ్చాం. నిజానికి రెండూ ఒకే రాయిలోంచి వచ్చినవి. ఆ రాయి పుట్టుక తెలిస్తే ఈ నేల ఎందుకిట్లా ఉందో సగం అర్థమైనట్టే.

క్వారీలో అప్పుడే చీల్చిన బండను దగ్గరగా చూడండి. గులాబీ రంగువో బూడిద రంగువో పెద్ద పలుకులు ఫెల్డ్‌స్పార్. మధ్యలో గాజులాగా మెరిసేది పలుగురాయి. అక్కడక్కడా నల్లటి కాకిబంగారం రేకులు. ఫ్లోరిన్ ముఖ్యంగా ఉండేది ఈ నల్ల రేకుల్లో, అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాల్లో. వానలు తక్కువైన చోట భూగర్భజలం బండ పగుళ్ళలో ఏళ్ళకేళ్ళు నిలవుంటుంది. సున్నం తక్కువగా ఉన్న ఆ నీళ్ళలోకి ఫ్లోరైడ్ కరిగి దిగుతుంది, మళ్ళీ గడ్డకట్టి అడుగుకు చేరదు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంగిన వెన్నులు, వంకరపోయిన కాళ్ళు చూసినవాళ్ళకు ఆ అంకె విలువ వేరే చెప్పనక్కర్లేదు.

యురేనియం సంగతీ అంతే. గ్రానైట్ నేల కోట్ల ఏళ్ళు అరిగి చదునయ్యాక, దాని మీద ఇసుక మేటలు వేసి శ్రీశైలం రాతిపొరలయ్యాయి. గ్రానైట్ లోంచి నీళ్ళు కడిగి తెచ్చిన యురేనియం ఆ రెండు రాళ్ళూ కలిసే చోట పేరుకుంది. లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల నిక్షేపాలన్నీ ఆ కలయిక దగ్గరివే.

ఈ గ్రానైట్‌కు ఇంత యురేనియం, ఇంత ఫ్లోరిన్ ఎక్కడివి? భూమి పైపెంకు లోతుల్లో కరిగినప్పుడు, మామూలు ఖనిజాల్లో ఇమడని మూలకాలు మొదట ద్రవంలోకి వెళ్ళిపోతాయి. గట్టిపడింది మళ్ళీ కరిగితే అవి ఇంకా చిక్కబడతాయి. అయితే అంత పెద్దఎత్తున పైపెంకును కరిగించిందేమిటి? రెండు భూఖండాలు ఢీకొనడమే అన్నది ఒక బలమైన జవాబు. దాన్ని తేల్చే సాక్ష్యం ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు.

యురేనియం మెల్లగా సీసంగా మారుతుందన్న సూత్రంతో రాళ్ళ వయసు లెక్కకట్టవచ్చని 1911లో ఆర్థర్ హోమ్స్ చూపించాడు. యురేనియం-238 సగం తరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది, యురేనియం-235కు 70 కోట్లు. గ్రానైట్‌లో ఈ రెండు గడియారాలనూ పదిలంగా దాచుకునేది జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో కనబడే సీసమంతా కాలం పోగుచేసిందే. బండను పొడిచేసి, కడిగి, బరువైన ద్రవాల్లోనూ అయస్కాంతంతోనూ వేరుచేసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో గింజనూ ఏరుతారు. నునుపుగా అరగదీసి చూస్తే లోపల ఉల్లిపాయ పొరల్లాంటి గీతలుంటాయి. నడుమ భాగం 320 కోట్ల ఏళ్ళదై, అంచు 255 కోట్ల ఏళ్ళదైతే, ఆ గ్రానైట్ ఓ ముసలి ఖండం కరిగి పుట్టిందని అర్థం. నాకు ఈ శాస్త్రం మొత్తంలో అబ్బురమనిపించేది ఇదే. కరిగి ముద్దయిన రాయిలో కూడా పాత నేల గుర్తు చెరిగిపోలేదు.

రెండో సాక్షి నియోడిమియం. సమేరియం-147 అనే ఐసోటోపు మెల్లగా నియోడిమియంగా మారుతుంది. సమేరియం-147 సగం తరగడానికి సుమారు 10,600 కోట్ల ఏళ్ళు కావాలి. భూమి లోపలి మాంటిల్‌లో సమేరియం పాలు ఎక్కువ, పైపెంకులో తక్కువ. అందువల్ల పాత పైపెంకు కరిగి వచ్చిన గ్రానైట్‌కూ, మాంటిల్ నుంచి కొత్తగా వచ్చినదానికీ నియోడిమియం నిష్పత్తిలో తేడా పడుతుంది. ఆ తేడా కనబడేది దశాంశం తరవాత నాలుగో అంకె దగ్గర.

ఈ పద్ధతికి దక్షిణ భారతంలో మలుపు 1989లో వచ్చింది. క్రోగ్‌స్టాడ్, బాలకృష్ణన్, రాజామణి, వారి సహచరులు కర్ణాటకలోని కోలారు బంగారు గనుల రాతిపట్టీకి రెండువైపులా రాళ్ళను కొలిచారు. పడమటి రాళ్ళు 263 నుంచి 255 కోట్ల ఏళ్ళవి, వాటిలో 320 కోట్లు దాటిన పాత ఖండం జాడలున్నాయి. తూర్పువి సుమారు 253 కోట్ల ఏళ్ళవి, మాంటిల్ నుంచి కొత్తగా వచ్చిన లక్షణం వాటిది. చరిత్ర కలవని రెండు నేలలు పక్కపక్కనే ఉన్నాయంటే ఎక్కడెక్కడో పుట్టి వచ్చి అతుక్కున్నాయనే కదా!

పాలమూరు, నల్లగొండ ఆ తూర్పు నేలలోనివే, ధార్వార్ క్రేటాన్ అనే అతిపాత ఖండభాగంలో తూర్పు వైపు. 2005లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు గద్వాల రాతిపట్టీలో బోనినైట్ అనే అగ్నిశిలలను గుర్తించారు. ఈ కాలంలో ఆ రాయి సముద్రపు పలక (కదిలే భూమి పైపొర ముక్క) మరో పలక కిందికి దూరే చోట ఎక్కువగా కనిపిస్తుంది.

భూఖండాలు ఢీకొన్నాయన్న కథను అందరూ ఒప్పుకోలేదు. 2000లో చాడ్విక్, వాసుదేవ్, హెగ్డే అనే భూగర్భ శాస్త్రవేత్తలు పలకలు ఏటవాలుగా దగ్గరైన కథ చెబితే, అదే ఏడాది జయానంద, ఆయన ఫ్రెంచి సహచరులు లోపలి నుంచి లేచిన వేడి మాంటిల్ ప్రవాహమే ఈ గ్రానైట్లను పుట్టించిందన్నారు. గద్వాల బోనినైట్లను చూస్తే నాకు మొదటి వాదమే బలంగా తోస్తోంది. వేడి ఒక్కటే అయితే ఆ రాయి అక్కడ ఉండడానికి కారణం దొరకడం కష్టం.

గొడవ లేనిది ఒకటుంది. పాలమూరు గుట్టలను కోసుకుంటూ పోయే నల్లరాతి డైకుల (పగుళ్ళలోకి చొరబడి గట్టిపడ్డ గోడల్లాంటి రాళ్ళ) వయసు సుమారు 218 కోట్ల ఏళ్ళు. అవి మైళ్ళ కొద్దీ వంకర లేకుండా సాగాయంటే, అప్పటికే నేల అతుక్కుని గట్టిపడిపోయింది. తవ్వేవాళ్ళు బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది ఎక్కువగా ఈ డైకుల రాయినే.

కంకరకూ నేలపరిచే బండలకూ గుట్టలు ఒకటొకటిగా మాయమవుతున్నాయి. పెద్దవూర, గద్వాల పట్టీల అంచుల్లో ముసలి జిర్కాన్‌లు ఏ గుట్ట దాకా దొరుకుతాయి, ఏ గుట్ట దగ్గర ఆగిపోతాయి అన్నది వరసగా కొలిస్తేనే పాత నేల అంచు ఎక్కడుందో పటం మీద గీయగలం. ఏ బోర్లకు ఫ్లోరైడ్ ముప్పు ఎక్కువో చెప్పడానికీ కింద ఏ గ్రానైట్ ఉందో తెలియాలి. క్వారీ లీజు ఇచ్చే ముందు ఆ గుట్ట నుంచి నాలుగు రాళ్ళు, అవి తీసిన చోటు గుర్తుతో సహా, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే కార్యాలయంలో భద్రపరచాలన్న షరతు పెట్టాలి. లీజుదారుకు అదేమంత ఖర్చు కాదు.